విధేయత స్వభావమా, ఏర్పాటా?

మన సమావేశాల్లో డాక్టర్ల మాట తరచు వస్తుంది. ఎఫ్.ఆర్.సి.ఎస్. పాసైన వారి పేర్లు గర్వంగా చెప్పుకుంటాం. అదే వార్డులో రాత్రంతా మెలకువగా ఉండే నర్సు పేరు అంతగా వినపడదు. నర్సంటే సేవ, నర్సంటే ఓర్పు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ ఓర్పూ విధేయతా ఆమె స్వభావమా, లేక ఆమె చుట్టూ ఎవరో కట్టిన ఏర్పాటా? ఈ ప్రశ్న నర్సింగ్ పరిశోధనలోకి ఎలా వచ్చిందో చెప్పుకుందాం.

1854లో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిందనీ, రాత్రిపూట దీపం పట్టుకుని రోగులను చూసిందనీ చిన్ననాటి పాఠాల్లో చదువుకున్నాం. ఆ పాఠాల్లో అంతగా కనిపించని నైటింగేల్ ఇంకొకరున్నారు. గాయాలకన్నా జబ్బులతోనే సైనికులు ఎక్కువమంది చనిపోయారని లెక్కలు కట్టి, పటాలు గీసి ప్రభుత్వానికి చూపించిన మనిషి ఆమె. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీకి తొలి మహిళా సభ్యురాలైంది. పైతరగతి ఆడపిల్లల తెలివిని ఇల్లు ఎలా తినేస్తుందో "కెసాండ్రా" అనే వ్యాసంలో మండిపడుతూ రాసింది. ఆ వ్యాసం ఆమె బతికున్నంత కాలం పదిమందికీ అందలేదు. ఆమె పోయిన 18 ఏళ్లకు, 1928లో, అచ్చులో బయటికి వచ్చింది. లోకం దీపాన్ని ఉంచుకుని, లెక్కల్నీ కోపాన్నీ పక్కన పెట్టింది.

తర్వాత వెలసిన నర్సింగ్ పాఠశాలల్లో క్రమశిక్షణకు పెద్దపీట వేశారు. అమెరికాలో జో ఆన్ ఆష్లీ అనే నర్సు 1976లో ఒక చరిత్ర గ్రంథం రాసి, దీని వెనకున్న లెక్క విప్పి చూపింది. చదువు పేరుతో ఆసుపత్రులు విద్యార్థినుల చేత వార్డులు నడిపించుకున్నాయి. విధేయత నేర్పడం వల్ల ఎవరికి లాభం అని ఆమె అడిగింది.

ఆ విధేయత ఎంత దూరం వెళ్లగలదో 1966లో హాఫ్లింగ్ బృందం అమెరికాలో పరీక్షించింది. ముక్కూ మొహం తెలియని డాక్టరు ఫోన్ చేసి, ఒక రోగికి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. డబ్బా మీద మాత్రం 10 మించరాదని రాసి ఉంటుంది. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయలుదేరారు. మాత్రలు హానిలేనివే, పైగా దారిలోనే ఆపేశారు కనుక ఎవరికీ ఏమీ కాలేదు. చూశారా, నర్సులింతే అనుకోవచ్చు. కానీ 1977లో రాంక్, జేకబ్సన్ అనేవారు ఇలాంటి పరీక్షే కొంచెం మార్చి చేశారు. ఈసారి మందు నర్సులకు తెలిసినది, తోటివారితో మాట్లాడుకునే వీలూ ఉంది. 18 మందిలో ఇద్దరు మాత్రమే ఇవ్వడానికి సిద్ధపడ్డారు. వృత్తి అదే, మారినవి పరిస్థితులు. స్వభావమే కారణమైతే అంత తేడా రాదు.

1967లో లియొనార్డ్ స్టీన్ అనే మానసిక వైద్యుడు "డాక్టరు-నర్సు ఆట" గురించి రాశాడు. రోగికి ఏం కావాలో నర్సుకు తెలుసు. కానీ ఆ సలహా డాక్టరుకే తట్టినట్టు కనిపించేలా చెప్పాలి. తన ఆలోచనను మామగారి నోట చెప్పించే కోడలిని చూసిన మనకు ఈ ఆట కొత్తేమీ కాదు. 1990లో స్టీనే మళ్లీ రాస్తూ, నర్సులు ఈ ఆట మానేస్తున్నారన్నాడు.

ఈ ముక్కలన్నీ కలిపి చూడడానికి ఒక చూపు కావాలి. దాన్ని సామాజిక సిద్ధాంతం ఇచ్చింది. జ్ఞానం అదుపు కోసం, అవగాహన కోసమే కాదు, విముక్తి కోసం కూడా అని జర్మన్ తత్త్వవేత్త హాబర్మాస్ 1968లో వాదించాడు. 1980లలో అమెరికా నర్సింగ్ పండితులు ఆ వాదాన్ని అందిపుచ్చుకున్నారు. నర్సులు ఒకరినొకరు ఎందుకు కించపరుచుకుంటారు అన్న ప్రశ్నకు, బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రైరీ ఆలోచనల సాయంతో సూజన్ రాబర్ట్స్ 1983లో జవాబిచ్చింది. అణగదొక్కబడిన వర్గం పైవాడిని ఏమీ అనలేక పక్కవాడి మీద పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే కదా!

పరిశోధన చేసే పద్ధతీ మారింది. సమాజ శాస్త్రవేత్త ఆన్ ఓక్లీ లండన్‌లో తల్లులు కాబోయే స్త్రీలను ఇంటర్వ్యూ చేసింది. ఎదుటివారు ప్రశ్న వేస్తే తప్పించుకోవాలని పాఠ్యగ్రంథాలు చెప్పేవి. ఆ స్త్రీలు మాత్రం ఆమెను 878 ప్రశ్నలు అడిగారు. ఆమె తెలిసినంతవరకు జవాబు చెప్పింది. సమాచారం తీసుకుని వెళ్లిపోవడం న్యాయం కాదని 1981లో రాసింది. ఇది నర్సింగ్ పరిశోధకులకూ దారి చూపింది.

అయితే స్త్రీలందరి కష్టం ఒకటి కాదు. మనం ఉంటున్న ఈ బ్రిటన్‌లోనే చూడండి. 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక కరీబియన్ నుంచీ, ఇతర దేశాల నుంచీ అమ్మాయిలు నర్సులుగా వచ్చారు. వారిలో చాలామందిని పూర్తి రిజిస్టర్డ్ నర్సు శిక్షణకు కాక, రెండేళ్ల ఎన్‌రోల్డ్ నర్సు శిక్షణకు మళ్లించారు. ఆ అర్హతతో పై మెట్టు ఎక్కడం కష్టం, స్వదేశానికి వెళితే చాలాచోట్ల గుర్తింపు ఉండేది కాదు. స్త్రీ అన్న ఒక్క మాటతో దీన్ని వివరించలేం. రంగూ, పుట్టిన దేశమూ లెక్కలోకి రావాలి. న్యూజీలండ్‌లో మావోరి నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్ ఇంకో అడుగు వేసింది. తన సంస్కృతికి, తన గౌరవానికి భంగం కలగలేదని తేల్చాల్సింది రోగే గాని నర్సు కాదని చెప్పింది. ఇంగ్లీషు రాని మన పెద్దవాళ్లు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఈ మాట విలువ మనకు తెలుస్తుంది.

నోరు విప్పి అడగగలిగే నర్సు ఉన్న వార్డులో రోగికి కూడా రక్షణ ఎక్కువ. 1966కూ 1977కూ మధ్య తేడా చెప్పేది అదే. అందుకే ఇది నర్సుల గొడవగా మాత్రమే చూడవద్దని మా మనవి. మన కుటుంబాల్లో ఈ వృత్తిలో ఉన్నవారు, ఉండి విరమించినవారు తమ అనుభవాలు రాసి పంపాలని కోరుతున్నాం. రాయడానికి తీరిక లేకపోతే చెప్పండి, మేము వచ్చి రాసుకుంటాం. మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలూ అందులో చేరుస్తాం.