గోడ ఒప్పుకున్న రంగులు: తెలుగు ఇళ్ళలో వెల్ల నుంచి ఎమల్షన్ దాకా

తెలుగువారి ఇళ్ళ లోపలి గోడలకు ఏ కాలంలో ఏ రంగు వేశారన్న దానికి చెలామణిలో ఉన్న కథ చాలా పొట్టిది. పూర్వం అందరూ తెల్ల సున్నమే వేసుకునేవారట. జమీందారులు, నవాబులు ఐరోపా నుంచి అలంకరణ శైలి తెచ్చుకున్నారట. ఆ తర్వాత సినిమాలూ, రంగుల కంపెనీల ప్రకటనలూ వచ్చి సామాన్యుడికి రంగుల రుచి నేర్పాయట. ఈమధ్య దీనికి మరో తోక చేరింది: ఏ గదికి ఏ రంగో వాస్తుశాస్త్రం ఏనాడో చెప్పిందని. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ అన్నీ రంగును మనిషి అభిరుచికో నమ్మకానికో ముడిపెట్టేవే. గోడ దేనితో కట్టారు, రంగును గోడకు పట్టి ఉంచేది ఏమిటి, గదిలో వెలుగు ఎంత అని అడిగితే కథ వేరుగా కనిపిస్తుంది.

తొలి దశ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది పదహారో శతాబ్దపు చిత్రాల్లో మట్టి రంగులదే పైచేయి. ఇళ్ళకు అందినవీ అవే: జాజు, పసుపు మట్టి, మసి, సున్నం. మట్టి గోడను పేడతో అలికి, కింద జాజు పట్టె తీర్చి, పైన తెల్లగా పూయడం తెలంగాణ పల్లెల్లో నిన్నమొన్నటి దాకా చూసిందే. శ్రీకాకుళం వైపు కొండల్లో సవరలు ఇంటి గోడకు ఎర్రమట్టి పూసి, దాని మీద బియ్యప్పిండితో బొమ్మలు రాస్తారు. కాబట్టి పూర్వమంతా తెలుపేనన్న మాట మొదటి అడుగులోనే తడబడుతుంది. తెలుపు ఒక పూత మాత్రమే. ఇంటి రంగుల పొందికలో అది సగం.

ఆ సగాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలంటే సున్నాన్ని చూడాలి. తీరం వెంబడి సముద్రపు గుల్లలను కాల్చి గుల్లసున్నం చేసేవారు. లోపలి జిల్లాల్లో సున్నపురాయిని కాల్చేవారు. పల్నాటి పిడుగురాళ్ళ ఇప్పటికీ సున్నపు బట్టీల ఊరే. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో విరిపి, నానబెట్టి, వడగట్టి, తుమ్మజిగురు కలిపి గోడకు వేసేవారు. వేసిన పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. రంగుల చరిత్రకు కీలకమైన సంగతి ఇక్కడే ఉంది. తడి సున్నం ఘాటైన క్షారం. అందులో వేసిన ప్రతి రంగూ బతకదు. ఇనుప ఖనిజంతో వచ్చే జాజు, పసుపు మట్టి చెక్కుచెదరవు. మసి నిలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన ప్రష్యన్ నీలం సున్నంలో పడితే గోధుమ రంగుకు దిగిపోతుంది. క్రోమ్ పసుపు నారింజ వైపు తిరుగుతుంది. పూల నుంచీ ఆకుల నుంచీ తీసిన రంగులు చాలావరకు ఒక ఎండాకాలం కూడా దాటవు. అందుచేత పాత ఇళ్ళలో కనిపించే కొద్దిపాటి రంగులను పల్లెటూరి నిరాడంబరతకు గుర్తుగా మెచ్చుకోవడం పొరపాటు. క్షారానికి తట్టుకుని మిగిలినవి అవి.

నీలం వేసిన వెల్ల సంగతీ ఇదే. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి పచ్చదనం చంపడం అనాది ఆచారమని చాలామంది అనుకుంటారు. నీలిమొక్క నుంచి తీసిన నీలిని ఆంధ్ర ప్రాంతంలో విస్తారంగానే తయారుచేశారు. దాన్ని ఎవరూ సున్నంలో కలపలేదని గట్టిగా చెప్పలేం. కానీ అది బట్టల అద్దకానికి, ఎగుమతికి పోయే విలువైన సరుకు. క్షారానికి తట్టుకునే అల్ట్రామెరైన్ నీలాన్ని ఫ్రాన్స్, జర్మనీల్లో కృత్రిమంగా తయారుచేసింది 1820ల చివరలో. అది చాకలి నీలంగా చిన్న బిళ్ళల్లో, పొట్లాల్లో బజారుకు చేరాకే సామాన్యుడి వెల్లకు ఆ నీలిఛాయ అందింది. తర్వాతి కాలంలో కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలు కిలో సున్నానికి 3 గ్రాముల దాకా నీలం కలపవచ్చని లెక్క కూడా కట్టి పెట్టాయి. పరమ సంప్రదాయంగా కనిపించే నీలివెల్ల వయసు, కాబట్టి, నూరు నూటయాభై ఏళ్ళకు మించి ఉండకపోవచ్చు.

తెలుపుకు రెండో కారణం దీపం. ఆముదపు దీపం, ఆ తర్వాత కిరసనాయిలు బుడ్డి వెలిగే గదిలో తాజా వెల్ల వేసిన గోడ తన మీద పడ్డ వెలుగులో ముప్పాతిక వంతుకు పైగా వెనక్కి పంపుతుంది. జాజు గోడ అందులో సగం కూడా పంపలేదు. కిటికీలు చిన్నవిగా ఉండే రాయలసీమ మిద్దెల్లో పైగోడ తెల్లగా ఉండటం అవసరం. కింది భాగానికి ముదురు రంగు వేయడమూ అవసరమే: సున్నం చేతికీ బట్టలకూ అంటుకుంటుంది; నూనె తల ఆనిన చోట మరక పడుతుంది; వాకిలి కడిగిన నీళ్ళు గోడ అడుగున చిమ్ముతాయి. నడుమెత్తు జాజు పట్టె ఆ ముప్పును దాచేది. వెల్ల ఏటా పండక్కి పడాల్సిందే గనుక ఇంటి రంగు ఎన్నేళ్ళయినా పాతబడేది కాదు. అయితే ఆ ఏటేటా చాకిరీ ఎవరిదో మరచిపోకూడదు. అలుకుడు, ముగ్గు, జాజు పట్టె ఆడవాళ్ళ పని. సున్నం కాల్చడం, కలపడం, వేయడం చేతులూ కళ్ళూ కాలే కూలి పని.

కోటల, బంగళాల ప్రభావం గురించి చెప్పేదాన్ని ఇంత పెద్దది చేయడానికి ఆధారం కనబడదు. 1893 నాటికి పూర్తయిన ఫలక్‌నుమా లోపలి అలంకరణ పూర్తిగా ఐరోపా రుచిలోనిదే. కానీ అక్కడి గోడ పనిలో ఏదీ మండువా లోగిలికి దిగి రాలేదు. దిగొచ్చింది కుర్చీ, నిలువుటద్దం, గోడ గడియారం. వీటిని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. కోటలోని రంగుకు కావలసిన నూనెలు, వార్నీషులు, పనివాళ్ళు ఊళ్ళో లేరు. ఏటా సున్నం పడే గోడ మీద అలాంటి పూత నిలవదు కూడా.

అసలు వివాదం 1930కీ 1975కీ మధ్య కాలం గురించి. లేత ఆకుపచ్చ, లేత గులాబీ, ఆకాశనీలం, మీగడ రంగు తెలుగు పట్టణాల ఇళ్ళలోకి వచ్చింది ఈ నలభై అయిదేళ్ళలోనే. దీన్ని సినిమా ఘనతగా చెప్పేవారు ఒక చిన్న విషయం పట్టించుకోరు. పూర్తి నిడివి తొలి తెలుగు రంగుల చిత్రం లవకుశ 1963లో వచ్చింది. ఆ తర్వాత కూడా పదేళ్ళ దాకా సాంఘిక చిత్రాల్లో చాలావాటిని నలుపు తెలుపుల్లోనే తీశారు. సెట్టు మీద గోడ ఏ రంగుదో ప్రేక్షకుడికి తెలిసే వీలే లేదు. సోఫా ఎలా ఉంటుందో, కర్టెన్లు ఎలా వేలాడతాయో, మెట్లు ఎక్కడ తిరగాలో సినిమా నేర్పింది. రంగు మాత్రం నేర్పలేదు.

ప్రకటనల వాదానికి ఇంతకన్నా బలం ఉంది. షాలిమార్ 1902లో హౌరాలో మొదలైంది. ఏషియన్ పెయింట్స్ 1942లో బొంబాయిలో పుట్టి, 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు అనే కుర్రాడి బొమ్మతో పేపర్లకెక్కింది. ఆ బొమ్మ, డిస్టెంపరు పేరు ఊరూరా తెలిశాయి. కానీ తెలియడం వేరు, గోడకు ఎక్కడం వేరు. పల్లెల్లో చిన్న డబ్బా ఎనామిల్ గోడ కన్నా ముందు తలుపులకూ, కనుమనాడు ఎద్దుల కొమ్ములకూ పూశారు. దానికీ కారణం పదార్థమే: కొత్త గోడలోని క్షారం నూనె రంగును సబ్బులా మార్చేస్తుంది, అది ఊడిపోతుంది. కర్రకూ ఇనుముకూ ఆ బెడద లేదు. ఆకుపచ్చ తలుపు, సున్నపు గోడ అన్న జంట ఎవరి అభిరుచీ కాదు. ఒకే ఇంట్లో రెండు రసాయనాలు సర్దుకున్న తీరు.

గోడకు ఎక్కింది డిస్టెంపరు. దాని దేహం సుద్దపొడి. పట్టి ఉంచేది సరేసు లాంటి జిగురు, తర్వాతి రకాల్లో కొంత నూనె. సుద్ద తెల్లగా ఉంటుంది గనుక రంగు ఎంత కలిపినా లేతగానే తేలుతుంది. మరీ ఎక్కువ కలిపితే జిగురు చాలక చేతికి రాలుతుంది. ఒక తరం మొత్తానికి లేత రంగులే నచ్చాయని అనుకోవడం కన్నా, డబ్బాలో లేత రంగులే ఉన్నాయనడం సబబు. ఆకుపచ్చ అంతగా విరివి కావడానికి మరో నేపథ్యం ఉంది. సున్నాన్నీ సిమెంటునూ తట్టుకునే థాలోసయనిన్ నీలం 1935లో, ఆకుపచ్చ 1938లో బజారుకు వచ్చాయి. అంతకు ముందు గోడ మీద నిలిచే చవకైన, కాంతివంతమైన ఆకుపచ్చ దొరకడం కష్టం. తెల్ల సిమెంటుతో చేసిన స్నోసెం లాంటి పూతలదీ ఇదే నియమం: సిమెంటూ క్షారమే, రంగులూ లేతవే. వాటిని ఎక్కువగా వాడింది బయటి గోడలకే అయినా, వరండాలూ మెట్ల దారులూ వాటి వాటా.

ఇదే కాలంలో గోడ కూడా మారింది. గానుగ సున్నంతో, తెలంగాణలో డంగు సున్నంతో కట్టిన గోడ స్థానంలో ఇటుకా సిమెంటూ వచ్చాయి. నున్నటి సిమెంటు గిలాబా మీద డిస్టెంపరు సమంగా పరుచుకుంది. పాత వెల్ల పొరల మీద వేసినవాళ్ళకు అది రేకులుగా లేచి వచ్చింది. కోస్తాలో వానాకాలపు చెమ్మకు జిగురు బూజు పట్టింది. మళ్ళీ సున్నానికే తిరిగిపోయిన ఇళ్ళు తక్కువేమీ కావు. కొత్త రంగు పాత ఇంట్లోకి రాలేదు, కొత్త ఇంటితో పాటే వచ్చింది.

లేత రంగులకు మూడో కారణం కరెంటు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో చాలావాటికి తీగలు చేరింది ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో. బల్బు వెలిగాక గోడ ప్రతి వెలుగు రేణువునూ తిప్పి పంపాల్సిన అగత్యం తప్పింది. ట్యూబ్‌లైటు చల్లని వెలుగులో లేత ఆకుపచ్చ, నీలం బాగా తేలాయి. జాజు బురదలా కనిపించింది. ఈ కారణానికి అతిగా బరువు పెట్టకూడదన్నది నిజమే. హైదరాబాదులో ఎంతో ముందే కరెంటు ఉన్న ఇళ్ళు చాలా కాలం తెల్లగానే ఉన్నాయి. డిస్టెంపరు ఖరీదు సున్నం కన్నా ఎన్నో రెట్లు. ఒక్క దీపమే రంగు తేలేదు. అది రంగును అడ్డుకున్న ఒక ఇబ్బందిని తొలగించింది, అంతే.

ప్రభుత్వం గోడ మీదికి నేరుగా వచ్చిన సందర్భమూ ఈ కాలంలో ఉంది. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారాక, ఇంటింటి లోపలి గోడలకూ డి.డి.టి. చల్లించింది. మందు పనిచేయాలంటే కొన్ని వారాల పాటు గోడను అలకకూడదు, వెల్ల వేయకూడదు. పండక్కి ముందు చల్లించుకున్న ఇల్లాలు ఆ మాట విని ఊరుకోలేదు. అలికేసి వెల్ల వేసుకునేది. దేశమంతటా కార్యక్రమానికి ఎదురైన చిక్కుల్లో ఇదొకటి.

1980ల నుంచి కథ వేగంగా నడుస్తుంది. నేల మీద ఎర్ర గచ్చు, తాండూరు బండ, కడప బండ పోయి మొజాయిక్, ఆ తర్వాత మెరిసే లేత రంగు టైళ్ళు వచ్చాయి. 1985లో పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ కర్మాగారం మొదలయ్యేసరికి రంగు దూరపు సరుకు కాకుండా పోయింది. 1990ల తర్వాత దుకాణంలోనే యంత్రంతో రంగు కలిపే పద్ధతి వచ్చి, షేడు కార్డు వెయ్యి దాటింది. యాక్రిలిక్ ఎమల్షన్ క్షారానికి తట్టుకుంటుంది, తడిబట్టతో తుడవవచ్చు, ఏ రంగునైనా మోస్తుంది. శతాబ్దాలుగా గోడ పెట్టిన షరతులన్నీ ఒక్క డబ్బాతో ఎగిరిపోయాయి. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం. మించకుండా కట్టడి చేసే నిబంధనలు 2016లో వచ్చాయి. ఇన్నేళ్ళ మార్పులో తిరుగులేని మేలు అదొక్కటే.

ఇంత స్వేచ్ఛ వచ్చాక ఇళ్ళు రంగులమయం కావలసింది. కాలేదు. ఫ్లాటులో అడుగుపెట్టేసరికి బిల్డరు మీగడ రంగు వేసి ఉంచుతాడు. నేల టైళ్ళు అప్పటికే దంతపు రంగులో పరిచి ఉంటాయి. దానికి సరిపోవాలని సోఫా బూడిద, కర్టెను గోధుమ. మిగిలిన ధైర్యమంతా టీవీ వెనక ఒక్క గోడ మీద ముదురు రంగో, టెక్స్‌చరో, వాల్‌పేపరో అయి తేలుతుంది. ఫాల్స్ సీలింగులో దాచిన ఎల్.ఇ.డి. పట్టీలు పగలూ రాత్రీ గోడ రంగును మార్చేస్తుంటే షేడు కార్డులో వేళ్ళు పెట్టి వెతికిన శ్రమ సగం వృథా. అద్దె ఇళ్ళలో ఆ మాత్రం ఎంపిక కూడా లేదు.

వాస్తు పేరుతో పంచే గదివారీ పట్టికలది మరో దారి. మయమతం, మానసారం వంటి గ్రంథాలు రంగుల ప్రసక్తి తెచ్చేది ముఖ్యంగా స్థలపరీక్షలో: భూమి తెలుపా, ఎరుపా, పసుపా, నలుపా అని. ఆగ్నేయం వంటగదికి నారింజ, వాయవ్యం పడకగదికి బూడిద అన్న జాబితా దిక్పాలకుల వర్ణాలను ఎమల్షన్ షేడ్లకు అతికించిన కొత్త కూర్పు. అతికించినవారికి హక్కు లేదని కాదు. దాన్ని ప్రాచీనమని అమ్మడమే అభ్యంతరం.

సున్నం మళ్ళీ ఫ్యాషనై వస్తున్నది గానీ, ఎక్కువగా సున్నంలా కనిపించే యాక్రిలిక్ రూపంలో. ఈ మోజు వల్ల పాత ఇళ్ళకు జరుగుతున్న నష్టం ఆగడం లేదు. మట్టితోనూ గానుగ సున్నంతోనూ కట్టిన గోడ నేల నుంచి చెమ్మను పీలుస్తుంది, దాన్ని బయటికి వదలాలి. ఎమల్షన్ పొర ఆ దారిని మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, గిలాబా పెచ్చులుగా ఊడుతుంది. మేస్త్రి సిమెంటుతో అతుకు వేస్తే పక్కచోట మళ్ళీ ఊడుతుంది. గోదావరి జిల్లాల మండువా ఇళ్ళలో, హైదరాబాదు పాతబస్తీ దేవిడీల్లో ఇలాంటి గోడలు వెతక్కుండానే కనిపిస్తాయి. వాటికి ఎమల్షన్‌ను పూర్తిగా గీకించి, గోడను ఎండనిచ్చి, సున్నమే వేయించడం తప్ప మార్గం లేదు; ఆ పని మామూలు పెయింటింగు కన్నా ఖర్చెక్కువ, చేతనైన పనివాళ్ళూ తక్కువ.