అంటార్కిటికా నౌకాయాత్రల్లో ఛాయాగ్రహణం

అంటార్కిటికా ద్వీపకల్పానికి వెళ్లే యాత్రా నౌకల పైనుంచి, జోడియాక్‌లనే గాలి నింపిన రబ్బరు పడవల నుంచి, తీరం మీద నుంచి అక్కడి ప్రాణులనూ మంచు దృశ్యాలనూ చిత్రించే ఛాయాగ్రహణ శాఖ ఇది. ఈ నౌకలు ఎక్కువగా దక్షిణార్ధగోళపు వేసవిలో అర్జెంటీనాలోని ఉషుయాయా రేవు నుంచి బయలుదేరి, అల్లకల్లోలమైన డ్రేక్ జలసంధిని సుమారు రెండు రోజుల్లో దాటుతాయి.

మంచు తెలుపును తెలుపుగా నిలపడమే ఈ కళలో అసలైన పరీక్ష. కెమెరాలోని కాంతిమాపకం ఎదుటి దృశ్యమంతటినీ సగటు బూడిద వన్నెగా లెక్కకట్టడం వల్ల మంచు నిండిన చిత్రం మసకబారుతుంది కనుక, కాంతి గ్రహణాన్ని, అంటే ఎక్స్‌పోజరును, ఒకటి నుంచి రెండు స్టాపుల వరకు పెంచాలి; ఒక్కో స్టాపుకు కాంతి రెట్టింపవుతుంది. అయితే మరీ పెంచితే పెంగ్విన్ రొమ్ముపై తెల్లని ఈకల సొగసంతా చెరిగిపోతుంది. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి కాబట్టి అదనపు వాటిని ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. వెచ్చని గదిలోకి తెచ్చేటప్పుడు కటకాలపై తేమ పట్టకుండా కెమెరాను ముందే ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టాలి.

ఈ శాఖకు పునాది వేసినవారిలో హెర్బర్ట్ పాంటింగ్, ఫ్రాంక్ హర్లీ ముఖ్యులు. హర్లీ ప్రయాణించిన ఎండ్యూరెన్స్ నౌక 1915లో మంచులో నలిగి మునిగే వేళ ఆయన గడ్డకట్టే నీటిలోకి దిగి గాజు పలకల నెగటివ్‌లను వెలికితీసిన సాహసం నేటికీ ఆశ్చర్యం గొలుపుతుంది.

1991లో ఏర్పడిన యాత్రా నిర్వాహకుల అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం ఒక స్థలంలో ఒకేసారి నూరుమందికి మించి ప్రయాణికులు దిగకూడదు, పెంగ్విన్లకు కనీసం 5 మీటర్ల దూరం పాటించాలి. ప్రాణి బెదిరి తన నడవడి మార్చుకుంటే అంతకన్నా వెనక్కి తగ్గాలి.