డేటాబేస్‌లో మాటల వెతుకులాట

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించారు. ఎలా వెతకాలో చెప్పనక్కర్లేదు, ఏం కావాలో చెబితే చాలన్న పద్ధతికి అదే పునాది. ఆ పద్ధతిలోనే 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ వెలువరించిన సీక్వెల్ భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది.

1986 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే మాటల పోలికకు ‘లైక్’ ఉంది. ‘రామ%’ అని అడిగితే రామయ్య, రామకృష్ణ ఇద్దరూ దొరుకుతారు. ‘_’ గుర్తు ఒక్క అక్షరానికి బదులు నిలుస్తుంది. అయితే యూనికోడ్‌లో ‘రా’ అంటే ‘ర’, దీర్ఘం అనే రెండు సంకేతాలు. వాటిని విడివిడిగా లెక్కించే డేటాబేస్‌లో ఆ ఒక్క తెలుగు అక్షరానికి రెండు ‘_’ గుర్తులు కావాలి.

ప్రత్యామ్నాయాలు, పునరావృత్తులు ‘లైక్’కు అందవు. అందుకే 1956లో స్టీఫెన్ క్లీనీ ప్రచురించిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గణితం ఆధారంగా, 1999 ప్రమాణంలో ‘సిమిలర్ టు’ చేరింది.