టీమ్ అధ్యయనం

టీమ్ (టోటల్ ఎక్స్‌పోజర్ అసెస్‌మెంట్ మెథడాలజీ) అధ్యయనం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ శాస్త్రవేత్త లాన్స్ వాలెస్ నాయకత్వంలో, విషపూరిత సేంద్రియ రసాయనాలు మనిషికి నిత్యజీవితంలో ఎంత మేరకు సోకుతున్నాయో కొలిచిన పరిశోధన. 1979లో మొదలైన ఈ అధ్యయనం నివేదిక 1987లో వెలువడింది.

అప్పటిదాకా కాలుష్యాన్ని ప్రధానంగా ఆరుబయట కేంద్రాలలోనే కొలిచేవారు. వాలెస్ బృందం పరికరాన్ని మనుషులకే తగిలించింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా తదితర రాష్ట్రాలలో సుమారు 600 మంది, టెనాక్స్ అనే శోషక పదార్థం నింపిన గొట్టం, చిన్న పంపు ధరించి తిరిగారు. పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు వారు పీల్చే గాలిని అది సేకరించింది. చివర వారి నిశ్వాసాన్నీ, తాగునీటినీ పరీక్షించారు.

సుమారు 12 సేంద్రియ రసాయనాలు ఆరుబయటికన్నా ఇళ్లలోనే 2 నుంచి 5 రెట్లు ఎక్కువగా కనిపించాయి. రసాయన కర్మాగారాల పక్కనున్న ఊళ్లలోనూ, పల్లెల్లోనూ ఇదే తీరు. అధ్యయనంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం ఇదే. ఆ రసాయనాల మూలాలు ఇంటి వస్తువులలో, అలవాట్లలో బయటపడ్డాయి: సిగరెట్ పొగ నుంచి బెంజీన్, డ్రైక్లీనింగ్ చేయించిన దుస్తుల నుంచి టెట్రాక్లోరోఇథిలీన్, క్లోరిన్ కలిపిన వేడినీటి స్నానం నుంచి క్లోరోఫామ్, బట్టల మధ్య ఉంచే ఒక రకం కలరా ఉండల నుంచి పారా-డైక్లోరోబెంజీన్. పొగతాగేవారి నిశ్వాసంలో బెంజీన్ మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వాతావరణంలోకి చేరే బెంజీన్‌లో అధిక భాగం వాహనాలదే అయినా, పొగతాగేవారి శరీరంలోకి చేరేదానిలో సిగరెట్‌దే పైచేయి.