విలాయత్: ఒక మాట, ఒక విప్లవం

మద్రసాలలో ఫిఖ్హ్ చదివిన వారికి ‘విలాయత్’ అనే మాట కొత్తది కాదు. అనాథ బిడ్డల ఆస్తిని కాపాడటం, మతిస్థిమితం లేని వారి తరఫున వ్యవహరించటం, నికాహ్‌లో వలీగా నిలబడటం ఆ అధ్యాయంలోని విషయాలే. దీనిని తెలుగులో ‘సంరక్షకత్వం’ అనవచ్చు. కాని అదే మాటకు ‘పాలనాధికారం’ అనే అర్థం కూడా ఉన్నది. ఆయతుల్లా ఖుమైనీ రాజకీయ జీవితం ఈ రెండు అర్థాల నడుమ సాగింది.

ఆయన 1902లో ఇరాన్‌లోని ఖుమైన్ పట్టణంలో జన్మించారు. తాతగారు సయ్యద్ అహ్మద్ మన దేశంలోని అవధ్ ప్రాంతం నుండి వలస వెళ్ళినవారు. పసితనంలోనే తండ్రి హత్యకు గురయ్యారు. అరాక్‌లోను, పిదప ఖుమ్‌లోను షేఖ్ అబ్దుల్ కరీమ్ హాయిరీ వద్ద విద్యనభ్యసించారు. అగ్రశ్రేణి మర్జా అయిన ఆయతుల్లా బురూజర్దీ 1961లో మరణించేవరకు ఆయన ఏ ఉద్యమానికీ నాయకత్వం వహించలేదు.

1963 జూన్ 3న, ఆషూరా దినాన, ఫైజియా మద్రసాలో ఆయన షాను బహిరంగంగా హెచ్చరించారు. రెండు రోజులకు అరెస్టయ్యారు. నిరసనకు దిగిన ప్రజలపై సైన్యం కాల్పులు జరిపింది. మరుసటి ఏడు అమెరికా సైనిక సిబ్బందిని ఇరాన్ న్యాయస్థానాల పరిధి నుండి మినహాయించటాన్ని ఆయన ఖండించగా, ప్రభుత్వం ఆయనను టర్కీకి వెళ్ళగొట్టింది. 1965లో నజఫ్ చేరారు.

1970లో నజఫ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో ఆయన వాదన ఇది: పన్నెండవ ఇమామ్ గైబత్‌లో ఉన్నంత మాత్రాన షరీఅత్ ఆగిపోదు, దాని అమలుకు ప్రభుత్వం కావాలి, ఆ బాధ్యత న్యాయవర్తనుడైన ఫఖీహ్‌ది. అనాథల సంరక్షణ ఆ విధంగా జాతి సంరక్షణగా విస్తరించింది.

1978 జనవరిలో ఒక పత్రిక ఆయనను దూషించగా ఖుమ్ విద్యార్థులు నిరసన తెలిపి తూటాలకు బలయ్యారు. వారి నలభయ్యవ రోజున తబ్రీజ్ లేచింది; అక్కడి మృతుల నలభయ్యవ రోజున మరికొన్ని పట్టణాలు లేచాయి. సంతాపదినమే ఉద్యమానికి పంచాంగమైంది. ఆయన ప్రసంగాలు క్యాసెట్లపై ఇల్లిల్లూ చేరాయి. చమురు కార్మికుల సమ్మె షా ఖజానాను దెబ్బతీసింది. 1979 జనవరి 16న షా దేశం విడిచారు. ఫిబ్రవరి 1న ఖుమైనీ తిరిగివచ్చారు. 11న సైన్యం తటస్థత ప్రకటించటంతో రాచరికం కూలిపోయింది.

ఆ జూన్‌లో వెలువడిన రాజ్యాంగ ముసాయిదాలో ‘విలాయతె ఫఖీహ్’ ప్రస్తావనే లేదు. ఆయతుల్లా ముంతజిరీ అధ్యక్షతన నిపుణుల సభ దానిని చేర్చింది. ఆయతుల్లా షరీఅత్‌మదారీ ఆక్షేపించినా, డిసెంబరులో రాజ్యాంగం ఆమోదం పొందింది. వారసునిగా ఎంపికైన ముంతజిరీయే 1988లో ఖైదీల సామూహిక మరణశిక్షలను వ్యతిరేకించి, 1989 మార్చిలో ఆ స్థానం కోల్పోయారు. జూన్ 3న ఖుమైనీ మరణించారు.

షా నిరంకుశత్వాన్ని కూల్చిన ఘనత చిన్నది కాదు. అయితే ఆ మాట మొదటి అర్థాన్ని మరువరాదు. అనాథ యుక్తవయస్కుడై వివేకం పొందినపుడు వలీ అతని సొత్తు అతనికి అప్పగించాలి, సాక్షులను పెట్టుకోవాలి. అంటే సంరక్షకత్వానికి గడువున్నది, లెక్క చెప్పే బాధ్యత ఉన్నది. పాలనాధికారమనే రెండవ అర్థంలోకి మారేటపుడు ఈ రెండు షరతులూ వెంట వచ్చాయా అన్నదే ఆ విప్లవాన్ని తూచవలసిన తూనిక. ముంతజిరీకి పట్టిన గతిని బట్టి చూస్తే, రాలేదనే చెప్పాలి.