ఆదిలాబాద్: మనుషుల లెక్క, పొయ్యిల లెక్క

1905లో నిజాం ప్రభుత్వం సిర్పూర్-తాండూరు ఉపజిల్లాకు నిర్మల్, నర్సాపూర్, చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలను కలిపి ఆదిలాబాద్ జిల్లాను ఏర్పాటు చేసింది. విస్తీర్ణం 7,400 చదరపు మైళ్ళు. 1901 లెక్కల ప్రకారం అందులో ఉన్న మనుషులు 4 లక్షల 78 వేల మంది. అంటే చదరపు మైలుకు 65 మంది కూడా లేరు. అప్పటి హైదరాబాద్ రాజ్యం మొత్తానికి సగటు 135. రాజ్యంలో మిగతాచోట్ల ఇద్దరు ఉండే జాగాలో ఇక్కడ ఒక్కరే అన్నమాట. సర్కారు దృష్టిలో ఇది అడవి, మలేరియా, పన్ను సరిగా రాని నేల. రెవెన్యూ దస్తరాల్లో బేచిరాక్ గ్రామాలకు కొదువ లేదు. పేరుంటుంది, సరిహద్దు ఉంటుంది, దీపం పెట్టే ఇల్లు మాత్రం ఉండదు.

ఈ అంకెను అలాగే నమ్మడం కష్టం. కొండల మీది గోండులు, కొలాములు ఆ రోజుల్లో ఒక్కచోట పాతుకుపోయి బతికినవాళ్ళు కారు. నేల సారం తగ్గితేనో, ఊళ్ళో వరుస చావులు జరిగితేనో, పటేల్ మరో చోటు చూస్తే గూడెం గూడెమే లేచి వెళ్ళిపోయేది. కొలాములది పోడు వ్యవసాయం కాబట్టి వాళ్ళ ఇళ్ళు ఇంకా తేలిక. వెదురు తడకలు, గడ్డి కప్పు. నిరుడు దీపం వెలిగిన చోట ఈ ఏడు పొదలు లేస్తాయి, రెండు మైళ్ళ అవతల కొత్త దీపం వెలుగుతుంది. పటం మీద ఖాళీగా కనిపించిన నేలలో చాలాభాగం మనుషులు ఒకప్పుడు దున్నినది, మళ్ళీ దున్నబోయేది. దాన్ని బీడు అనవచ్చు గానీ, ఎవరిదీ కాదు అనడానికి వీల్లేదు. ఈ జిల్లా జనాభా చరిత్రంతా ఆ రెండు మాటలను సర్కారు ఒకటిగా పట్టుకోవడంతోనే మొదలైందని నా అభిప్రాయం.

ఖాళీ అని తీర్మానించాక సర్కారు రెండు పనులు చేసింది. ఒకవైపు రిజర్వు ఫారెస్టు గీతలు గీసి గూడేలను బయటికి నెట్టింది. మరోవైపు మైదానపు నల్లరేగడిని పత్తికి, జొన్నకు అనువైన నేలగా చూపి బయటి రైతులను రమ్మంది. మరాఠ్వాడా నుంచి, కరీంనగర్ వైపు నుంచి కాపులు, వ్యాపారులు వచ్చారు. 1920ల చివర్లో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. దాంతో జిల్లా తూర్పు అంచు మద్రాసు-ఢిల్లీ దారిలో పడింది. ఆ పట్టాల వెంటే బెల్లంపల్లి బొగ్గు వచ్చింది. 1938లో సిర్పూర్ కాగితపు మిల్లు వచ్చింది. మిల్లు పక్కన కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది. పట్టాలకు పడమట కొండల మీద బతుకు మరోరకంగా ఉంది. అటవీ చౌకీదార్లు, కేసులు, జప్తులు. 1940లో జోడేఘాట్‌లో, తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరగడం వెనుక ఉన్నది ఈ గీతల గొడవే.

ఆ తిరుగుబాటు తర్వాతే జిల్లాకు మరో రకం లెక్క వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940ల మొదట్లో మార్లవాయిలో మకాం పెట్టి గోండు గూడేలను ఇల్లిల్లూ తిరిగి చూశాడు. ఏ ఇంటిపేరు ఏ సగకు, అంటే ఏ వంశ విభాగానికి, చెందుతుందో, ఎవరి పొలం ఎలా జారిపోయిందో రాసుకున్నాడు. ఆయన సిఫారసులతో గోండు, కొలాము కుటుంబాలకు లక్ష ఎకరాలకు మించి పట్టాలు దక్కాయి. నిజాం రాజ్యంలో గిరిజనులకు అంత పెద్ద ఎత్తున భూమి కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. మంచి పనే. కానీ దాని వెంట మరొకటి జరిగింది. పట్టా గూడేనికి ఇవ్వరు, ఒక మనిషి పేరున ఇస్తారు. అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు కలిసి దున్నుకున్న నేల ఒక పేరు కిందికి వచ్చింది. ఇప్పుడు ఊరు లేచి వెళ్ళిపోవడమంటే పట్టా వదులుకోవడమే. అలా గూడేలు నేలకు అతుక్కున్నాయి. కుటుంబం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం చెప్పడం మొదలుపెట్టింది.

1956లో రాష్ట్రాల పునర్విభజనతో రాజురా, కిన్వట్ తాలూకాలు మరాఠీ ప్రాంతంలోకి పోయాయి. నాందేడ్ జిల్లా నుంచి ముధోల్ ఇటు వచ్చింది. అందుకే 1901 అంకెను 1961 అంకె పక్కన పెట్టి పోల్చేవాళ్ళు జాగ్రత్తపడాలి. జిల్లా పేరు అదే, నేల అదే కాదు. కొత్త హద్దుల్లో 16 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం, 1961లో 10 లక్షల 9 వేల మంది.

అసలు పెరుగుదల అక్కడి నుంచి. 1971లో 12.88 లక్షలు, 1981లో 16.39 లక్షలు, 1991లో 20.82 లక్షలు. వరుసగా మూడు దశాబ్దాలు పదేళ్ళకు 27 శాతం చొప్పున పెరుగుదల. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ మొత్తం 21 నుంచి 24 శాతం మధ్య పెరిగింది. ఆ తేడా పురిటిళ్ళలో పుట్టింది కాదు, బస్సు దిగి వచ్చింది. మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ గనుల్లోకి కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి మనుషులు వచ్చారు. మంచిర్యాలకు సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం వైపు క్యాంపులు వేశారు. అక్కడ ఇప్పటికీ చేపల సంతలో బెంగాలీ వినిపిస్తుంది. నాగపూర్ రోడ్డు పట్టుకుని పత్తి రైతులు దిగారు. మహారాష్ట్ర నుంచి లంబాడా తండాలు వచ్చాయి.

ఈ చివరి రాకకు ఒక చట్టం కూడా తోడైంది. 1976 నాటి సవరణతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. పక్కనే ఉన్న మహారాష్ట్రలో బంజారాలకు ఆ హోదా లేదు. సరిహద్దు దాటితే హోదా మారుతుంది. 1981 జనగణనలో జిల్లా గిరిజనుల సంఖ్య ఒక్కసారిగా ఎగసింది. అందులో జననాలెన్ని, వలసలెన్ని, జాబితా మార్పు ఎంత అన్నది విడదీయకుండా గిరిజన జనాభా పెరిగిందని రాసిన నివేదికలు దారి తప్పించాయి. గోండులకు, లంబాడాలకు నడుమ 2017లో ఏజెన్సీని కుదిపేసిన ఘర్షణకు వేరు అక్కడే ఉంది.

గిరిజనేతరులకు భూమి చేరకుండా 1963లో భూ బదలాయింపు నిబంధనలు తెలంగాణకు వర్తించాయి, 1970లో 1/70 చట్టం వచ్చింది. చట్టం కంటే రోడ్డు వేగంగా నడిచింది. హైమెన్‌డార్ఫ్ 1970లలో తిరిగి వచ్చి చూసేసరికి ఉట్నూరు ప్రాంతంలో తాను పట్టాలిప్పించిన పొలాలు ఎన్నో చేతులు మారి ఉన్నాయి. తన 1982 పుస్తకంలో ఆయన రాసిన బాధ అంతా ఇదే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సంతకు భూమి గోడుతో వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు ఒప్పుకున్న చావులు 13. చదరపు కిలోమీటరుకు వంద మంది మాత్రమే ఉన్న జిల్లాలో భూమి కోసం తుపాకీ పేలింది. సాంద్రత అంకె ఎంత తక్కువగా ఉన్నా, దున్నడానికి మిగిలిన నేల ఎంతన్నది వేరే ప్రశ్న అని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. జిల్లాలో పెద్దభాగం అడవి. జనమంతా మిగతా నేల మీదే బతకాలి.

1991 తర్వాత గీత వంగింది. 2001లో 24.88 లక్షలు, 2011లో 27.41 లక్షలు. పెరుగుదల 27 శాతం నుంచి 19.5కు, అక్కడి నుంచి 10 శాతానికి పడిపోయింది. ఉమ్మడి రాష్ట్ర సగటు 11 శాతం. రాష్ట్రాన్ని మించి పరుగెత్తిన జిల్లా ఇప్పుడు దానికంటే ఒక అడుగు వెనుక నడిచింది.

పిల్లలు తగ్గడం ఒక కారణం, అది రాష్ట్రమంతటి కథ. ఆదిలాబాద్‌కు ప్రత్యేకమైనది, ఒకప్పుడు మనుషులను పిలిచిన చోట్లే వాళ్ళను పంపేయడం. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షా పదివేల మందికి పైగా కార్మికులు ఉండేవారు. భూగర్భ గనులు మూతపడి, ఓపెన్‌కాస్టులు, యంత్రాలు వచ్చి, స్వచ్ఛంద పదవీ విరమణలు నడిచి, ఇప్పుడు ఆ సంఖ్య 40 వేలకు అటూ ఇటూగా ఉంది. బెల్లంపల్లి పట్టణ జనాభా 2001-2011 మధ్య తగ్గింది. దేశంలో పట్టణాలన్నీ ఉబ్బుతున్న కాలంలో ఒక పట్టణం చిన్నదవడం చూడాలంటే అక్కడి క్వార్టర్ల వరుసల్లో నడిస్తే చాలు. కాగజ్‌నగర్ కూడా అదే దారి పట్టింది. 2014లో మిల్లు ఆగిపోయి, 2018లో కొత్త యాజమాన్యం చేతుల్లో మళ్ళీ మొదలైంది. ఆ నాలుగేళ్ళలో వెళ్ళిపోయినవాళ్ళందరూ తిరిగి రాలేదు.

నిర్మల్, ఖానాపూర్, ముధోల్, లక్షెట్టిపేట వైపు కథ దుబాయి, మస్కట్ మీదుగా నడుస్తుంది. 2016 అక్టోబరులో పాత జిల్లాను నాలుగు ముక్కలు చేశాక ఈ తేడా అంకెల్లో స్పష్టంగా బయటపడింది. 2011 లెక్కల ప్రకారం నిర్మల్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 1,046 మంది ఆడవాళ్ళు. పక్కనే గనుల జిల్లా మంచిర్యాలలో 977. ఒకచోట మగవాళ్ళు బయటికి పోయారు, మరోచోట బయటి మగవాళ్ళు వచ్చి చేరారు. ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పుడు రెండూ కలిసి దాదాపు వెయ్యికి వెయ్యి అని చక్కగా కనిపించేవి. సగటు అనేది ఎంత మర్యాదగా అబద్ధమాడుతుందో! నిర్మల్ పల్లెల్లో ఇంటి ఖర్చు గల్ఫ్ డబ్బు మీద, బీడీల మీద నడుస్తుంది. అత్త, కోడలు, చిన్నపిల్లలు ఉండే ఇల్లు అక్కడ వింతేమీ కాదు. ఇంటి పెద్ద ఎవరని అడిగితే వేల మైళ్ళ దూరంలో ఉన్న కొడుకు పేరు చెబుతారు. పొలం కౌలుకివ్వాలా వద్దా, బ్యాంకులో కిస్తీ ఎప్పుడు కట్టాలి అన్నవి తేల్చేది మాత్రం కోడలే.

ఇక పొయ్యిల సంగతి. జనగణన నిర్వచనంలో కుటుంబమంటే ఒకే వంటింటి కూడు తినేవాళ్ళు. మన పల్లెల్లో వేరుపడటమన్నా అంతే, కుండ వేరుచేయడం. ఈ పొయ్యిలు మనుషుల కంటే ఎంతో వేగంగా పెరుగుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-2011 మధ్య మనుషులు 11 శాతం పెరిగితే కుటుంబాలు పాతిక శాతం దాకా పెరిగాయి. ఇంటికి నాలుగున్నర మంది నలుగురయ్యారు. తెలంగాణలో 2011 జనగణన 83 లక్షల కుటుంబాలను లెక్కేసింది. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో అవి కోటి దాటాయి. ఆ రోజు ఊళ్ళకు వెళ్ళే బస్సులు ఎలా కిక్కిరిశాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 చివర్లో జరిగిన కులసర్వేలో కోటీ 12 లక్షల కుటుంబాలు, 3 కోట్ల 54 లక్షల మంది. ఇంటికి ముగ్గురు చిల్లర.

పదమూడేళ్ళలో ఉమ్మడి కాపురాలన్నీ కూలిపోయాయా? కొన్ని కూలాయి. చాలా ఇళ్ళు కాగితం మీద మాత్రమే విడిపోయాయి. రేషన్ కార్డు కుటుంబానికి ఒకటి, ఇల్లు కుటుంబానికి ఒకటి, పింఛను నిబంధన కుటుంబాన్ని బట్టి. అలాంటప్పుడు ఒకే వాకిట్లో ఉన్న ముగ్గురు అన్నదమ్ములు మూడు కుటుంబాలుగా రాయించుకోకపోతేనే తెలివితక్కువతనం. దీన్ని మోసమనేవాళ్ళున్నారు. పథకం ఏ గిన్నెతో కొలిస్తే మనుషులు ఆ గిన్నెలో ఒదుగుతారు, 1940లలో పట్టా కాగితం చేసింది కూడా అదే. ఇంకో మాట, ఇవన్నీ ఒకే నిర్వచనంతో చేసిన లెక్కలు కావు. గొలుసుకట్టుగా పోల్చి గీతలు గీసేముందు అది గుర్తుంచుకోవాలి.

గోండులకు తమ లెక్క తమకుంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్థులు 22 పొయ్యిల మీద వంట చేస్తారు. ఎన్ని వందల కుటుంబాలు బండ్లు కట్టుకొని వచ్చినా పొయ్యిలు అన్నే, ఎవరు ఏ పొయ్యి దగ్గర వండాలో వంశశాఖను బట్టి ముందే తేలిపోయి ఉంటుంది. ఆ ఏడాది కొత్తగా వచ్చిన కోడళ్ళను దేవుడి ముందు భేటీ చేయిస్తారు. అది జరిగాకే ఆ పిల్ల మెస్రం ఇంటి మనిషి. పెళ్ళయిన రోజునో, ఆధార్‌లో ఇంటిపేరు మారిన రోజునో కాదు. రేషన్ కార్డులు ఎన్నిగా చీలినా ఈ పద్దు చీలలేదు.

ఇప్పుడు జిల్లాలు నాలుగు. మంచిర్యాలలో నూటికి 44 మంది పట్టణాల్లో ఉంటే, కుమ్రం భీం ఆసిఫాబాద్‌లో 17 మంది. సాంద్రత ఆసిఫాబాద్‌లో చదరపు కిలోమీటరుకు 106. ఉమ్మడి జిల్లాకు అది 170. పాత ఆదిలాబాద్ పలుచదనం ఎక్కడుందో ఇప్పుడు సరిగ్గా తెలిసింది. 2018లో గూడేలు, తండాలు సొంత పంచాయతీలు కావడంతో, ఇన్నాళ్ళూ ఏదో రెవెన్యూ గ్రామానికి శివారుగా ఉన్న ఆవాసాలకు పేరు వచ్చింది. ఆ తర్వాత కవ్వాల్ పులుల అభయారణ్యం లోపలి నుంచి రాంపూర్, మైసంపేట ఊళ్ళను బయటికి తరలించారు. నూరేళ్ళ కిందట గూడేలు తమంతట తాము లేచి వెళ్ళి బేచిరాకులను మిగిల్చేవి. ఈ రెండు బేచిరాకులు పరిహారం లెక్కగట్టి చేసినవి.

పదహారేళ్ళ విరామం తర్వాత 2027లో జనగణన జరగబోతోంది. ఎన్యూమరేటరుకు అందరికంటే కష్టమైన పని కెరమెరి మండలంలో ఉంటుందనుకుంటాను. పరందోళి, అంతాపూర్ పంచాయతీల కింద ఉన్న డజను ఊళ్ళు తమవేనని మహారాష్ట్ర కూడా అంటుంది. అక్కడ రెండు రాష్ట్రాల బడులు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఇద్దరేసి సర్పంచులు ఉన్నారు. ఒకే మనిషి రెండు ఓటరు జాబితాల్లో ఉంటాడు. జనగణన దేశానికంతటికీ ఒక్కటే కాబట్టి, ఆ ఇళ్ళ తలుపుల మీద పడే నంబరు ఏదో ఒక రాష్ట్రానిదే అయ్యుండాలి.