ముందు దిగినవారు

ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయము ప్రక్కగా కార్యాలయములకు పోయి వచ్చిన మన సభ్యులు అనేకులు గలరు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున దానికి విల్లింగ్‌డన్ విమానాశ్రయమని పేరు. భారత సైన్యమునకు పారాచూటు విద్య నేర్పుటకు 1941లో స్థాపించిన పాఠశాల మొదట అచ్చటనే యుండి, మరుసటి సంవత్సరము రావల్పిండి సమీపముననున్న చక్లాలాకు తరలిపోయెను. ఆ విద్యలో అతి కఠినమైన భాగము దుముకుట కాదు. దుముకవలసిన చోటును చీకటిలో కనుగొనుట.

ఈ సత్యము 1943 జూలై 9వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపముపై ప్రాణనష్టముతో తెలిసివచ్చెను. కర్నల్ జేమ్స్ గావిన్ నాయకత్వమున సుమారు 3,400 మంది అమెరికను సైనికులు బయలుదేరిరి. గాలి గంటకు 35 మైళ్ళ వేగముతో వీచుచుండెను. విమానములు దారి తప్పెను. సైనికులు ద్వీపపు ఆగ్నేయ భాగమంతట చెల్లాచెదరుగా పడిరి. గావిన్ తానున్న చోటేదో తెలియక చీకటిలో నడువవలసి వచ్చెను. అదే రాత్రి బ్రిటిషువారి గ్లైడర్లలో దాదాపు సగము సముద్రములో పడెను. ఈత రాక కొందరు, బరువైన సామగ్రి వలన కొందరు మునిగిపోయిరి. శత్రువు ముఖమైనను చూడక మరణించిన వారి సంగతి చదివినప్పుడు ఎవరికైనను మనసు కలుక్కుమనును.

ముందుగా కొందరిని దింపి, వారిచే గుర్తులు పెట్టించుట ఉపాయము. బ్రిటిషువారు 1942లోనే ఇందుకై 21వ ఇండిపెండెంట్ పారాచూట్ కంపెనీని ఏర్పరచిరి. దాని నాయకుడు మేజర్ జాన్ లాండర్ ఆ సిసిలీ యుద్ధముననే మరణించెను. సిసిలీ అనుభవము పిమ్మట అమెరికనులు కూడ ఇట్టి దళములను సిద్ధము చేసిరి. వీరినే పాథ్‌ఫైండర్లనిరి, మనము దారిచూపరులందము.

వారి చేతి సాధనములు రెండు: దీపములు, యురేకా అను రేడియో పెట్టె. విమానములో రెబెకా అను జంట యంత్రముండును. రెబెకా పిలిచినదాక యురేకా మౌనముగా నుండి, పిలువగానే బదులు పలుకును. ఆ బదులును బట్టి విమాన చాలకునికి దూరమెంతయో, కుడికి తిరుగవలెనో ఎడమకో తెలియును. దీనిని రూపొందించిన వారిలో ఒకడైన రాబర్ట్ హాన్‌బరీ బ్రౌన్ మన నీలగిరులలో, కార్డైటు కర్మాగారమున్న అరువంకాడులో 1916లో జన్మించినవాడు. తరువాత నక్షత్రముల పరిమాణమును కొలిచిన ఖగోళ శాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధి కెక్కెను.

యంత్రము మంచిదే. కాని దానిని మోసికొని దిగు మనుష్యుని స్థితి ఆలోచింపుడు. మిత్రునికి కనబడు దీపము శత్రువునకును కనబడును. వెలిగించినచో తనకు చావు. వెలిగింపనిచో వెనుక వచ్చువారికి ఆపద. 1944 జూన్ 6వ తేదీ తొలి గడియలలో కెప్టెన్ ఫ్రాంక్ లిలీమన్ మొదలగువారు నార్మండీలో దిగినప్పుడు పలు చోట్ల ఈ సంకటమే ఎదురయ్యెను. శత్రువులు చేరువలోనుండుటచే కొన్ని దీపములు వెలుగనే లేదు. మేఘములు అడ్డుపడి కొందరు దారిచూపరులే దారి తప్పిరి. బ్రిటిషువారి ఒక జట్టు తన స్థలమని భ్రమించి వేరొక స్థలమున గుర్తులు పెట్టుటచే కొందరు సైనికులు అక్కడనే దిగిరి! అయినను ఆ డిసెంబరు 23న, శత్రువులు చుట్టుముట్టిన బాస్టోన్ పట్టణములో దిగిన కొద్దిమంది యురేకాను అమర్చిన పిమ్మటనే ఆకాశమునుండి మందుగుండు సామగ్రియు ఆహారమును వారికందెను.

మన ప్రాంతమున 1945 మే 1న రంగూను నదీముఖముననున్న ఎలిఫెంట్ పాయింటు వద్ద గూర్ఖా పారాచూటు సైనికులు దిగిరి. అక్యాబు నుండి దారిచూపరులు ముందు పోయిరి. దిగుట సవ్యముగానే జరిగెను. కాని పిదప తమ పక్షపు విమానముల బాంబులే కొందరిపై పడెను. తీరపు ఫిరంగి స్థావరము పట్టుబడగా, 26వ భారత డివిజను నౌకలలో నదిలో ప్రవేశించి మే 3న నగరము చేరెను. జపానువారు అంతకుముందే వెడలిపోయి యుండిరి. 1942లో ఆ నగరమునుండి కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చినవారిలో మన తెలుగువారును అనేకులుండిరి.